చీటీలో లేని కాయ

నిరుడు ఒక పెద్ద సూపర్ మార్కెట్‌కు పోతే అక్కడ కమ్రక్ కాయలు కనిపించాయి. తెల్లటి థర్మకోల్ పళ్లెంలో రెండే రెండు. పైన ప్లాస్టిక్ చుట్టి, స్టార్ ఫ్రూట్ అని చీటీ అంటించి, పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. నాకు నవ్వొచ్చింది. మా గల్లీలో ఆ కాయను ఎవరూ కొని ఎరగరు. రాలితే ఏరుకుంటారు, అడిగితే ఇస్తారు, అడక్కపోయినా ఇస్తారు. పక్కన నిలబడ్డ ఒకామె పళ్లెం చేతిలోకి తీసుకుని, "ఇదెట్లా తింటారండీ?" అని నన్నే అడిగింది. చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగి, "మీ ఇంట్లో ఎవరికీ కిడ్నీ జబ్బు లేదు కదా?" అన్నాను. ఆమె పళ్లెం అక్కడే పెట్టేసి ఇంకో వైపు వెళ్లిపోయింది. పిచ్చిదనుకుని ఉంటుంది. అనుకోనీ.

ఆ కాయ గురించి నేను రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, పులుపులో అంత మంచి రుచి నేను మరెక్కడా చూడలేదు. రెండు, దాన్ని పెట్టి మా అత్తమ్మను చంపినంత పని చేశాను. రెండో సంగతి మా ఆయనకూ, వెనక గోడ అవతల ఉండే, మేం పిన్నిలా ఖాలా అని పిలుచుకునే పెద్దామెకూ తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. ముఖ్యంగా మా ఆడబిడ్డకు తెలియదు. ఆమెకు తెలిసిన కథ వేరు. ఆ కథలో నా తప్పు లేదు, తప్పంతా ఇద్దరు ముసలివాళ్లది. దాన్ని ఇన్నేళ్లూ అట్లాగే నడవనిచ్చాను.

మేం లాల్‌దర్వాజాలో గుడి వెనక సన్న గల్లీలో కిరాయికి ఉంటాం. రెండు గదులు, వెనక చిన్న వాకిలి, వాకిలి చివర నడుమెత్తు గోడ. గోడకు అవతల ఖాలా ఇల్లు. ఖాలా కొడుకులకు చార్మినార్ దగ్గర గాజుల దుకాణం ఉంది, పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తారు. అందుకని ఖాలా పగలంతా వాకిట్లోనే ఉండేది. ఆమె వాకిట్లో ఉన్న చెట్టు సగం మా వైపు వంగి ఉంటుంది. ఆకులు చింతాకు కన్నా పెద్దవి, పూలు ఊదారంగులో చిన్నచిన్నవి, కొమ్మకే కాదు మొద్దుకు కూడా పూస్తాయి. ఆ చెట్టు ఖాలా అత్తగారు పెట్టిందట. వానలు పడి కాయ పండే రోజుల్లో మా గోడ మీద ఎప్పుడూ ఒక స్టీలు గిన్నె ఉండేది.

కాయకు ఐదు అంచులుంటాయి. అడ్డంగా కోస్తే చుక్క ఆకారం. పచ్చిగా ఉన్నప్పుడు పళ్లు పులిసిపోయే పులుపు, అయినా చింతపండు పులుపులా నోట్లో బరువుగా కూర్చోదు, కడిగేసినట్టు పోతుంది. పసుపెక్కి అంచులు కొద్దిగా గోధుమరంగుకు తిరిగాక తింటే మామిడి, అనాస, ద్రాక్ష మూడూ ఒక్కసారే నోట్లోకి వచ్చినట్టుంటుంది. మొదటిసారి తిన్న వాళ్లు ఎవరైనా ఇదేదో దూరదేశపు పండనుకుంటారు. మా వాకిట్లో కోళ్లు కూడా తొక్కుకుంటూ పోయేవి.

వండటం నాకు ఖాలాయే నేర్పింది. ముందు చాకుతో ఐదు అంచులూ సన్నగా చెక్కేయాలి, అవి వగరు. గింజలు తీసేయాలి. సగం పండిన కాయైతే పప్పులోకి. ముక్కలు పసుపేసి వేరుగా ఉడికించి, మెత్తగా ఉడికిన కందిపప్పులో కలిపి, ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు పోపు పెట్టాలి. పచ్చికాయైతే బెల్లం, కలోంజీ అనే నల్లగింజలు వేసి చట్నీ. బాగా పండినవి పాకంలో వేసి మురబ్బా. ఇంకా పండి మెత్తబడితే పిండి, నల్ల ఉప్పు, పుదీన వేసి షర్బత్. బక్రీద్ రోజుల్లో ఖాలా ఇంట్లో గోష్త్ కూరలో కూడా చింతపండు బదులు అదే పడేది. చెక్కేసిన అంచులు కూడా పారేసేది కాదు, వాటితో తన తమలపాకుల ఇత్తడి డబ్బా, పాన్‌దాన్, తోమేది. అది తళతళలాడేది. కడుపులో ఏమన్నా మురికుంటే ఇట్లాగే పోతుంది బేటీ అనేది.

ఇక మా అత్తమ్మ. సర్కారు బడిలో ఆయాగా చేసి రిటైరైంది. ముప్పై ఏళ్లు బడి గంట ఆమె చేతిలోనే ఉండేది. ఇంట్లో కూడా అదే పద్ధతి, ఆమె అన్నప్పుడు అందరం లేవాలి, ఆమె అన్నప్పుడు తినాలి. నా వంట బాగా లేదని ఆమె ఎప్పుడూ అనలేదు. బాగుందని కూడా అనలేదు. ఇరవై ఏళ్లు, నేను ఏది పెట్టినా, నోట్లో పెట్టుకుని ఉన్న సంగతి చెప్పేది. "ఉడికింది" అనేది. "ఉప్పున్నది" అనేది. పండగ పూట గారెలు చేస్తే ఒకటి తిని, "వేడిగున్నయ్" అంది. నాకు ఒళ్లు మండేది. మా ఆయనతో చెప్తే, "మరి వేడిగనే ఉన్నయ్ గదా" అనేవాడు.

ఆమెకు షుగర్ ఉండేది. అది మెల్లగా కిడ్నీలను తినేసింది. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, డయాలసిస్. ఆస్పత్రిలో ఒక అమ్మాయి తినకూడనివన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది. టమాట వద్దు, చింతపండు వద్దు, పాలకూర వద్దు, అరటిపండు వద్దు, మామిడి వద్దు, కొబ్బరినీళ్లు వద్దు. ఉప్పు చిటికెడు. నీళ్లు కొలిచి ఇయ్యాలి. కూరగాయలు ఒకసారి ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ వండాలి. పప్పు చిన్న గంటెడు. ఆ చీటీని వంటింటి అల్మారా తలుపుకు అంటించాను. దాన్ని ఎంత నమ్మానంటే, అందులో ఉన్నది విషం, అందులో లేనిది మందు అన్నట్టు నమ్మాను. నేను పదో తరగతి చదివిన దాన్ని. కాగితం మీద రాసి ఉన్నదాన్ని సరిగ్గా పాటిస్తే ఏ తప్పూ జరగదని నాకు గట్టి నమ్మకం.

చింతపండు లేకపోతే మా ఇళ్లలో వంట లేదు. నిమ్మకాయ కొద్దిగా పిండచ్చన్నారు. పిండాను. అత్తమ్మ ఒక ముద్ద తిని పళ్లెం పక్కకు జరిపింది. "జ్వరమొచ్చినోళ్ల పప్పు" అంది. రెండు నెలల్లో ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. తిండి మీద ఆశ పోయిన మనిషి ఎట్లా ఉంటుందో అప్పుడే చూశాను. గంట కొట్టిన మనిషి, ఎప్పుడు తింటవ్ అంటే, "నీ ఇష్టం" అనేది. ఆ మాట నాకు ఇరవై ఏళ్ల సాధింపులకన్నా కష్టంగా తగిలింది.

ఆ సంగతి గోడ మీంచి ఖాలాకు చెప్పుకున్నాను. మా ఇళ్ల వైపు ఒక అలవాటుంది. జ్వరం తగ్గి నోరు చేదైన వాళ్లకు, కామెర్లొచ్చి తిండి సయించని వాళ్లకు, నెల తప్పిన ఆడపిల్లలకు, ఆ చెట్టు కాయ మొదట వాళ్లకే పోవాలి. ఖాలా అత్తగారి కాలం నుంచీ అంతే. ఖాలా గిన్నె నిండా కాయలు తెచ్చి గోడ మీద పెట్టి, "అక్కకు పెట్టు బేటీ. కమ్రక్ సల్వ చేస్తది. నోరు తెరుసుకుంటది" అంది. నేను లోపలికి పోయి చీటీ మొత్తం పైనుంచి కిందికి, మళ్లీ కింది నుంచి పైకి చదివాను. కమ్రక్ అని లేదు. స్టార్ ఫ్రూట్ అనీ లేదు.

ఆ రోజు పప్పు చేశాను. అంచులు చెక్కి, ముక్కలు ఉడికించి, చీటీలో చెప్పినట్టు ఆ నీళ్లు పారబోసి, చిన్న గంటెడు పెట్టాను. అత్తమ్మ ఒక ముద్ద తిన్నది. రెండో ముద్ద తిన్నది. తలెత్తి నన్ను చూసింది.

"ఇందుల ఏమేసినవే?"

"కమ్రక్."

"మంచిగున్నది" అంది.

నేను వంటింట్లోకి పోయి, ఏం తేవడానికి వచ్చానో తెలియక, ఉప్పు డబ్బా మూత తీసి మళ్లీ పెట్టాను. ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్లకు ఒక్క మాట. ఇంత చిన్న దానికి ఏడవడం ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను గానీ, ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

వారం తర్వాత మళ్లీ అదే పప్పు. ఏమీ కాలేదు. ఆ రోజు సాయంత్రం కాసేపు ఎక్కిళ్లు వచ్చాయి, ఆగిపోయాయి. ఆమె కొద్దిగా కోలుకున్నట్టే అనిపించింది, పక్కింటి వాళ్ల మీద కోపం చేసుకోవడం కూడా మళ్లీ మొదలుపెట్టింది. నాకు ధైర్యమొచ్చింది. ఆ తర్వాతి సోమవారం, మధ్యాహ్నం, బాగా పండిన కాయలు రెండు కోసి పళ్లెంలో పెట్టి ఇచ్చాను. ఉప్పు వద్దు కదా, అందుకని పచ్చివి కాక పండినవే ఇచ్చాను. ఆమె రెండూ తిన్నది. చివరి ముక్క తిని వేళ్లు నాకింది.

మూడు గంటలకు ఎక్కిళ్లు మొదలయ్యాయి. మా దగ్గర ఎక్కిళ్లొస్తే ఎవరో యాది చేస్తున్నారంటాం. ఒక్కొక్క మనిషినీ చెప్పుకుంటూ పోవాలి, ఎవరిని చెప్పినప్పుడు ఆగితే యాది చేస్తున్నది వాళ్లు. నేను బియ్యం ఏరుకుంటూ, "సైదాబాద్‌ల నీ బిడ్డ యాది చేస్తుండొచ్చు" అన్నాను. ఆగలేదు. "నీతోని పనిచేసిన చప్రాసీ యాది చేస్తుండొచ్చు" అన్నాను. అత్తమ్మ ఎక్కిళ్ల మధ్యనే నవ్వింది. గోడ అవతలి నుంచి ఖాలా కూడా కలిసింది. "మీ ఆయన పైనుంచి యాద్ చేస్తున్నడేమో అక్కా, జర భద్రం" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. రెండు గంటల సేపు ఆమె కిడ్నీలు బయటికి పంపలేని విషం మెదడుకెక్కుతుంటే, మేం వాకిట్లో కూర్చుని చుట్టాలను లెక్కపెట్టుకుంటూ నవ్వుకున్నాం.

ఐదు దాటాక ఆమె మంచం మీంచి లేచి చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టింది. కుచ్చిళ్లు నిలవడం లేదు, మళ్లీ మళ్లీ పెడుతోంది.

"ఎటు పోతున్నవ్ అత్తమ్మా?"

"గంట కొట్టాలె. టైమైంది. పిలగాండ్లు కూసున్నరు" అంది. నన్ను చూసి, "నువ్వెవరి బిడ్డవు?" అంది.

మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. నేను అరిస్తే ఖాలా బురఖా వేసుకునే తీరిక కూడా లేక, దుపట్టా కప్పుకుని వచ్చింది. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని గల్లీ చివరికి నడిపించి ఆటో ఎక్కించాం. ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడల్లా ఖాలా పెదాలు కదుపుతూ దువా చదువుకుంటూనే ఉంది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న పిల్ల. షుగర్ చూసింది, బీపీ చూసింది. రెండూ అంత తేడాగా లేవు. "ఇవాళ ఏం తిన్నారు?" అని నన్ను అడిగింది. నేను చీటీ మొత్తం అప్పజెప్పాను. టమాట పెట్టలేదు, చింతపండు పెట్టలేదు, కూర రెండుసార్లు ఉడికించాను. "అవి కాకుండా కొత్తగా ఏమన్నా? పండ్లు గిట్ల?"

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. ఆ పండుకూ దీనికీ సంబంధం ఉంటుందని అప్పటికి నాకు తెలియదు, అది నిజం. కానీ పండు అనగానే నాకు పళ్లెం కళ్లముందుకొచ్చింది, అది కూడా నిజం. అత్తకు ఏదో పెట్టిన కోడలు అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత ఒక్క మంచి మాట సంపాదించుకుని, దాన్ని రెండు వారాలు తిరక్కుండానే పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. అంత సేపట్లో అంత ఆలోచించానా అంటే, ఆలోచించాను. భయపడ్డ మనిషికి బుర్ర తొందరగా పనిచేస్తుంది, తప్పుగా పనిచేస్తుంది.

డాక్టరమ్మ తల స్కాన్‌కు రాస్తోంది. పావుగంట పోయిందో, ఎక్కువే పోయిందో. బెంచీ మీద కూర్చున్న ఖాలా లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. నన్ను చూడకుండా డాక్టరమ్మనే చూస్తూ, "నేనిచ్చిన అమ్మా. మా చెట్టు కమ్రక్. అక్క నోరు బాగలేదని నేనే ఇచ్చిన" అంది.

కమ్రక్ అంటే ఏంటో ఆ పిల్లకు తెలియలేదు. నేను అప్పుడు నోరు విప్పి, ఐదు అంచులుంటాయి, కోస్తే చుక్కలా ఉంటుంది అని చెప్పాను. ఆమె కలం ఆగిపోయింది. "ఎన్ని?" అంది. రెండు అన్నాను. ఆమె లోపలికి పరుగెత్తింది. తర్వాత చెప్పింది. మనలాంటి వాళ్లం ఒకటి రెండు తింటే ఏమీ కాదు, కిడ్నీ పోయిన వాళ్లకు ఒక కాయ చాలు, ఎక్కిళ్లే మొదటి గుర్తు, ఆ తర్వాత మతి తప్పడం, ఫిట్స్, ఆ తర్వాత ప్రాణం. "చీటీల లేదు మేడం" అన్నాను. "ఇక్కడ దాన్ని ఎవరు తింటారులే అనుకుని రాయలేదేమో" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఆ సాయంత్రమే డయాలసిస్ పెట్టారు. తెల్లారి మళ్లీ. మధ్యలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు కూడా పెట్టాక అత్తమ్మ కళ్లు తెరిచి కాసేపు నన్నే చూసి, "ఏందే గట్ల జూస్తున్నవ్? తిన్నవా?" అంది.

ఇంటికొచ్చిన వారానికి ఆమెకు చెప్పేశాను. అన్నం తినిపిస్తూ, తల దించుకుని, "అత్తమ్మా, ఆ కమ్రక్ తోనే గట్లయింది. నేనే పెట్టిన. డాక్టర్ అడిగితే గూడ ముందు చెప్పలేదు" అన్నాను. ఆమె ముద్ద నమిలి మింగింది. "నాకు మంచిగనే ఉండె" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఆదివారం సైదాబాద్ నుంచి ఆడబిడ్డ వచ్చింది. ఏదో కాయ తిని గట్లయిందని ఆమె తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు, ఎవరు పెట్టారో చెప్పలేదు. మా ఆయన అన్నీ సగమే చెప్తాడు. ఆమె మంచం పక్కన కూర్చోకుండానే, "ఎవలు పెట్టిండ్రు అమ్మకు ఆ కాయ?" అని నా వైపు తిరిగింది.

"ఎవలు పెడ్తరు? నేనే" అంది అత్తమ్మ. "కోడలు దుకాణం పోయింది. గోడకాడికి పోయి ఖాలాను అడిగి తీసుకున్న. దొంగతనంగ తిన్న. నా నాలుక గసొంటిది."

ఆడబిడ్డ నెత్తి కొట్టుకుంది. ముసల్దానివైనా నాలుకకు బుద్ధి రాలేదని, ఆ కోడలు ఎంత పరేషాన్ అయిందో తెలుసా అని, అరగంట సేపు తల్లిని తిట్టింది. ఎవరి చేతా ఒక్క మాట పడని మనిషి, తల కిందికి పెట్టుకుని కూర్చుని పడింది. తర్వాత ఆడబిడ్డ గోడ దగ్గరికి పోయి ఖాలాను కూడా అడిగింది. బీమారున్న మనిషి అడిగితే ఇచ్చేస్తరా అని. ఖాలా మా ఇంటి వైపు ఒకసారి చూసింది. "గలతీ అయింది బేటీ. మాఫ్ చెయ్యి" అంది.

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అత్తమ్మ నన్ను చూసి, "పోయి నా నీళ్లు తే" అంది. ఆమెకు కొలిచి ఇచ్చే సగం గ్లాసు నీళ్లు. నేను పోయి కొలిచి తెచ్చేసరికి మాట మారిపోయింది. మళ్లీ ఎత్తే ధైర్యం నాకు రాలేదు, రాలేదంటే తెచ్చుకోలేదు.

ఆ తర్వాత ఖాలా చెట్టు కొట్టించేస్తానని మనిషిని పిలిపించింది. నేనే అడ్డుపడ్డాను. ఇప్పుడామె ఎవరికి కాయ ఇచ్చినా ముందు కిడ్నీ తక్లీఫ్ ఉందా అని అడుగుతుంది. ఆ చీటీ రాసిచ్చిన అమ్మాయి చేత దాని పేరు చేర్పించాను. అత్తమ్మ ఇంకో ఏడాది పైన బతికింది. గుండె ఆగి, నిద్రలో పోయింది. ఆ ఏడాదంతా నేను నిమ్మకాయ పప్పే పెట్టాను, ఆమె ఏమీ అనకుండా తిన్నది.

మొన్న పెత్రమాస నాడు, పోయిన వాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టే రోజు, ఆడబిడ్డ పిల్లలతో వచ్చింది. ఎక్కడినుంచో రెండు కమ్రక్ కాయలు కొనుక్కొచ్చి విస్తరి మీద అన్నం పక్కన పెట్టింది. "బతికున్నప్పుడు దొంగతనంగ తిన్నది, ఇప్పుడన్న అందరి ముంగట తినుమను" అంది. అందరూ నవ్వారు. ఆమె పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అమ్మమ్మను నాలుక కట్టుకోలేని మనిషిగా గుర్తు పెట్టుకుంటారు. నేను అందరికీ వడ్డిస్తూ తిరిగాను.

అందుకే ఇది రాస్తున్నాను. వదినా, మీ అమ్మ దొంగతనంగా తినలేదు. గోడ దగ్గరికి పోలేదు. ఎవరినీ అడగలేదు. నేను కోసి, గింజలు తీసి, పళ్లెంలో పెట్టి చేతికిచ్చాను. ఆమె మొదటి ముక్క చేతిలో పట్టుకుని ఆగి, "నేనిది తినొచ్చునా బిడ్డా?" అని నన్ను అడిగింది. తిను అన్నాను.